ఒక సర్వర్, రెండు చీటీలు

మధ్యాహ్నం మూడింటికి ఎదురుగా ఉన్న ఆసుపత్రి నుంచి నర్సు బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసింది. కాన్పైన తల్లికి రక్తం ఆగడం లేదట. అడిగిన రక్తం గ్రూపు చాలా అరుదైనదని ఫోన్ తీసిన అక్కకి తెలుసు. ఊరు మొత్తం మీద ఆ గ్రూపు వాళ్లు ముగ్గురే.

"గంటలోపు ఎవర్నో ఒకర్ని పంపాలండీ," అంది నర్సు.

ఆ ముగ్గురి నంబర్లూ సర్వర్‌లో ఉన్నాయి. కాగితం మీద కూడా రాసిపెట్టే అలవాటు నాన్నతోనే పోయింది. సర్వరేమో రెండున్నరకి కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి లేవడం, పడడం.

ఆ బ్లడ్ బ్యాంకు పెట్టింది నాన్న. కింది గదిలో రక్త పరీక్షలు అక్కవి, పై గదిలో రికార్డులు చెల్లెలివి. సర్వర్ మాత్రం ఒక్కటే, రెండు గదుల నుంచీ నడపొచ్చు. ఆయన పోయాక ఆయన గది ఎవరికన్న దగ్గర మాట మొదలై, ఎక్కడెక్కడికో పోయింది. మూడు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. అవసరమైన సంగతులు చీటీల మీద రాస్తే ఆయా పైకీ కిందికీ మోస్తోంది. ఇద్దరికీ నలభై దాటాయి, చెప్పుకుంటే సిగ్గుచేటు.

అక్క బల్ల అద్దం కింద నాన్న చేతిరాత ఉంది. "సర్వర్ మొండికేస్తే ఆపు. లాక్ ఫైలు (నడుస్తోందన్న గుర్తు) తీసెయ్యి. మళ్లీ మొదలుపెట్టు." అక్క అలాగే చేసింది. సర్వర్ లేచింది. నంబర్లు అడిగితే 'ఇంకా సిద్ధంగా లేను' అంది. రెండు నిమిషాలకి పడిపోయింది. మళ్లీ లేపింది, మళ్లీ పడింది. ఇరవై నిమిషాలు ఇలాగే హరించుకుపోయాయి. నర్సు మళ్లీ ఫోన్ చేసింది. ఆవిడ వెనకాల ఎవరో మగమనిషి ఏడుస్తున్నాడు.

అక్క ఈసారి చీటీ మాట వదిలేసి, సర్వర్ తన గొడవంతా రాసుకునే లాగ్ తెరిచింది. 'కరెంటు పోయినప్పుడు తెగిన పనులు సరిచూస్తున్నాను, ఐదు నిమిషాలు.' దాని కిందే 'ఆపమన్నారు, ఆగుతున్నాను.' మళ్లీ అవే రెండు వరసలు, మళ్లీ మళ్లీ. ఆపిన వేళల్లో సగం తనవి. మిగతా సగం తనవి కావు.

అక్కకి అప్పుడర్థమైంది. ఇద్దరు కూతుళ్లూ పోట్లాడుకోకూడదని నాన్న పై గదికీ అదే చీటీ రాసిచ్చాడు. తను లేపినదాన్ని చెల్లెలు ఆపుతోంది, చెల్లెలు లేపినదాన్ని తను ఆపుతోంది.

అలవాటుగా చెయ్యి తెల్లకాగితం వైపు పోయింది. ఆయా భోజనానికి వెళ్లింది. అక్క లేచి, మూడు నెలలుగా ఎక్కని మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

"చెయ్యి తియ్యవే," అంది గుమ్మంలోంచే.

చెల్లెలి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నర్సు నాక్కూడా చేసింది. ఎన్నిసార్లు లేపినా పడిపోతోంది అక్కా."

"నువ్వు లేపినదాన్ని పడేస్తోంది నేను. నేను లేపినదాన్ని నువ్వు. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే అదే లేస్తుంది."

"లేవకపోతే?"

అక్క కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. రెండో నిమిషంలో చెల్లెలి వేలు కదిలితే అక్క పట్టుకుంది. నాలుగో నిమిషంలో అక్క చెయ్యే ముందుకు పోయింది.

"చెప్పినదానివి నువ్వే కదా," అంటూ చెల్లెలు ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సర్వర్ సిద్ధమైంది.

మొదటి నంబరు పలకలేదు. రెండో ఆయన ఊళ్లో లేడు. మూడో ఆయనది పంక్చర్ల షాపు. "చక్రం ఊడదీసి ఉందండీ," అని ఒక్క క్షణం ఆగాడు. "సరే, ఉండనీండి. వస్తున్నా." పది నిమిషాల్లో గ్రీజు చేతులతో వచ్చి సబ్బడిగాడు.

ఆరింటికి నర్సు ఫోన్ చేసింది. తల్లి కళ్లు తెరిచి బిడ్డనడిగిందట. అక్కా చెల్లెలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు.

చెల్లెలు తన బల్ల అద్దం కింది చీటీ తీసింది. నాన్న రాత కింద రాయడానికి కాస్త జంకింది గానీ రాసింది. "ముందు అక్కనడుగు."

అక్క కిందికి వెళ్లి తన చీటీ మీదా ఒక వరస రాసింది. అది చూపించడానికి మళ్లీ మెట్లెక్కింది.