ఆరు రోజుల చిట్టి

మా కాలేజీ రూల్స్ పుస్తకం నాకు బట్టీ వచ్చు. నిజంగా! అటెండెన్స్ డెబ్బై ఐదు శాతం ఉండాలి, అరవై ఐదు దాకా పడితే మన్నించమని కండొనేషన్ ఫారం, అంతకన్నా పడితే సెమిస్టర్ మళ్ళీ మొదట్నుంచి. ఏ పేజీలో ఏముందో కూడా చెప్తా. అందుకే సెకండియర్‌కి రాగానే నన్ను ఫస్టియర్ వాళ్ళ హెల్ప్‌డెస్క్‌లో కూర్చోబెట్టారు. "నీ నోరు ఎక్కడో ఒకచోట పనికి రావాలి గదా ఫర్జానా" అన్నారు ఫస్టియర్ ఇన్‌ఛార్జ్ రూఫస్ సార్.

లైబ్రరీ వెనక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రిజిస్టర్. రోజూ నాలుగు నుంచి ఐదు దాకా. 'లెక్కలు రాకపోయినా రండి, ఏడుపొచ్చినా రండి' అని రాసి తలుపుకి నేనే అంటించా.

మొదటి వారం ఒక్కరూ రాలేదు. రెండో సోమవారం చిట్టి వచ్చింది. పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు, జాలర్ల పిల్ల. మెళ్ళో ఐడీ కార్డు తిరగబడి ఉంది.

"అక్కా, మాట్రిక్స్ ర్యాంకు అంటే ఏంది? సార్ చెప్పినాడు గానీ చిల్లకూరులో ఆగని బస్సు మాదిరి పోయినాడు."

నవ్వాగలేదు నాకు. చెప్పా. ఒక్కసారే! రెండోసారి చెప్పమనలేదు, 'ఎట్ట' అని కాదు, 'ఎందుకు' అని అడిగింది. నాకే తెలీదు, రాత్రి చూసుకుని మంగళవారం చెప్పా. ఆ వారమంతా నాలుగెప్పుడవుతుందా అని చూశా. ఒకరోజు వస్తూనే, "ఈపొద్దు ల్యాబ్‌లో మిషన్ ముట్టుకున్నా మే!" అంది. జూనియర్ నన్ను ఈడుదాన్ని పిలిచినట్టు 'మే' అనడమేంటి? కానీ ఆ మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

శనివారం ఐగెన్ విలువల దాకా వచ్చాం. విలువలు తేల్చింది, వెక్టర్స్ మిగిలాయి, ఐదు దాటింది.

"ఇప్పుడే చేద్దాం అక్కా, పది నిమిషాలు."

"నా బస్సెళ్ళిపోద్ది. సోమవారం చేద్దాంలే, యాడికి పోతావ్?"

పుస్తకం మూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, తలుపు దగ్గర ఒకసారి ఆగి వెళ్ళిపోయింది.

సోమవారం నాలుగింటికి చిట్టి వచ్చింది. అదే ముక్కు, అవే కళ్ళు, కొంచెం చిక్కింది. కార్డు తిన్నగా వేలాడుతోంది. నేను ఉత్సాహంగా పుస్తకం తెరిచి, "ఊఁ, వెక్టర్స్!" అన్నా. ఆ పిల్ల కాగితాన్ని చూసింది, నన్ను చూసింది, ఏడవడం మొదలుపెట్టింది.

"అది నేను గాదక్కా. మా అక్క కామమ్మ."

చిట్టికి టైఫాయిడ్ వచ్చిందంట. కాలేజీ మొదటి రోజు తల్లిదండ్రుల మీటింగ్‌లో డెబ్బై ఐదు తగ్గితే అంతే అని చెప్పారు గదా, వాళ్ళ నాన్న ముత్యాలయ్య గారికి అదొక్కటే గుర్తుండిపోయింది. వాళ్ళ ఊళ్ళో రొయ్యల వల వేసే చోట్లు తక్కువ, ఇళ్ళకి వంతులు. వంతు రోజు పోకపోతే మళ్ళీ చుట్టూ తిరిగొచ్చేదాకా లేదు. మనిషికి బాలేకపోతే ఆ ఇంట్లో ఇంకొకళ్ళు పోతారు. అందుకని పెద్ద కూతుర్ని పంపారు! పైగా కామమ్మకి రెండేళ్ళ కిందట ఇంజనీరింగ్ సీటొస్తే, చేరాల్సిన వారం వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉందంట. తేదీ దాటిపోయింది. ఈసారి పోగొట్టుకోకూడదనుకున్నారు.

"మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే సరిపోయేది, పద్నాలుగో పేజీలో ఉంది!" అని అరిచా.

"ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉందక్కా."

పందొమ్మిదో పేజీ కూడా నాకు తెలుసు. ప్రాక్సీ దొరికితే సెమిస్టర్ పోతుంది. మిడ్ పరీక్షల్లోపు మనంతట మనమే చెప్తే ఆ రోజులు మాత్రమే కొట్టేస్తారు. మిడ్ ఇంకో వారమే. "చెప్పేద్దాం చిట్టీ" అన్నా. ముందు నాయన్ని పిలుస్తానంది.

బుధవారం నాన్నా కూతుళ్ళూ ముగ్గురూ సార్ గదికి వచ్చారు. కామమ్మ నన్ను చూసి తల దించుకుంది. రూఫస్ సార్ అంతా విని, "మనిషి బదులు మనిషిని పంపుతారా ఎవరైనా?" అన్నారు.

"వంతు ఇంటిది సార్, మనిషిది గాదు" అన్నారు ముత్యాలయ్య గారు. "నాకు జొరమొస్తే మా తమ్ముడు వల ఏస్తాడు. ఎవురూ తప్పనరు."

"ఇది మీ సరస్సు కాదయ్యా!"

"సరస్సులో అయితే మీకు నేను చెప్పేవోణ్ణి సార్. ఈడ మీరు చెప్పండి."

సార్ నవ్వు ఆపుకున్నారు. సర్టిఫికెట్ తీసుకున్నారు. చిట్టి సెమిస్టర్ నిలబడింది, నేను ఎగిరి గంతేయబోయా. అప్పుడు సార్ అన్నారు, "ఆ ఆరు రోజులూ రద్దు. ఫర్జానా, నీ రిజిస్టర్‌లో కూడా కొట్టెయ్."

"అదిగూడానా సార్?" అంది కామమ్మ. ఆ గదిలో ఆమె నోరు విప్పింది అప్పుడే.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఉండకూడదమ్మా."

నేను స్కేలూ ఎర్ర పెన్నూ తీసుకున్నా. కామమ్మ నా వెనకే హెల్ప్‌డెస్క్‌కి వచ్చింది, తన కుర్చీలోనే కూర్చుంది. రిజిస్టర్‌లో ఆరు సంతకాలు, ఆరూ చిట్టి పేరే. స్కేలు మొదటిదాని మీద పెట్టి, తీసేశా.

"ఇటియ్యి మే. నేను పెట్టినవే గదా."

నిదానంగా, స్కేలు జరక్కుండా గీసింది. ఆరోదాని దగ్గర కాసేపు ఆగింది. అది కూడా గీసి, పెన్ను మూత పెట్టి ఇచ్చింది.

"అక్కా, వెక్టర్స్ చెప్పనా?" అన్నా. ఇప్పుడు అక్కా అనాల్సింది నేనే.

"వొద్దులే. నాయన బస్సు కాడ ఉండాడు."

ఆ రాత్రి రూల్స్ పుస్తకం మూడుసార్లు తిరగేశా. రెండేళ్ళ కిందట తేదీ దాటిపోయినవాళ్ళ కోసం ఒక్క లైనన్నా ఉంటుందేమోనని. లేదు. ఆ పుస్తకం లోపలికొచ్చినవాళ్ళకే.

చిట్టి మిడ్ రాసింది. ఆ తర్వాతి గురువారం, అక్క ఇమ్మందంటూ నాలుగు మడతల కాగితం తెచ్చింది. ఐగెన్ వెక్టర్స్! చిన్న చిన్న అక్షరాలు, ఒక్క మైనస్ తప్ప అన్నీ కరెక్ట్. ఆ మైనస్ చుట్టూ సున్నా చుట్టి, కింద కొత్త లెక్క రాసి పంపా. అట్లా ప్రతి గురువారం. ఐదు కాగితాలయ్యాయి, నా బల్ల సొరుగులోనే ఉన్నాయి.

ఈ గురువారం చిట్టి ఒట్టి చేతుల్తో వచ్చింది.

"ఈ వారం మా ఇంటి వంతక్కా. అక్క తెల్లారేదాకా రొయ్యలు ఏరతానే ఉంది."

సరేలే అన్నా. చిట్టి లెక్క చెప్పించుకుని వెళ్ళిపోయింది. ఐదైంది. రిజిస్టర్ మూసి, బస్సు పోతే పోయిందని ఇంకో పది నిమిషాలు కూర్చున్నా.