పద్నాలుగో రిఫరెన్సు

ద్వీపాల దేశపు రాజధాని సువాలో, ఒక వైద్య కళాశాల లైబ్రరీలో మెరెసెయిని పని డాక్టర్ల వ్యాసాలకు తోకలు సరిచేయడం. తోక అంటే వ్యాసం చివర ఉండే రిఫరెన్సుల జాబితా. ఏ మాట ఎక్కడినుంచి తెచ్చారో, అది ఏ పత్రికలో, ఏ సంవత్సరం, ఏ పేజీలో పడిందో వరస తప్పకుండా ఉండాలి. ఒక పత్రికకు సంవత్సరం ముందుండాలి, ఇంకో పత్రికకు చివర. ఒకరికి చుక్క కావాలి, ఒకరికి కామా. రచయితలు ఆరుగురికి మించితే ఏడోవాడు "ఇతరులు"లో కలిసిపోవలసిందే. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఆ చుక్కలూ కామాలతోనే బతుకుతోంది.

ఆమెకు ఒక అలవాటుంది. జాబితాలో రాసినది నమ్మదు. ప్రతి వ్యాసాన్నీ తీసి చూసి, పేజీ నంబరు కళ్ళారా చదివాకే పక్కన టిక్కు పెడుతుంది. మరీ పాతవైతే వెనకగదిలోకి వెళ్ళి అట్టకట్టిన సంపుటాల దుమ్ము దులుపుతుంది. మెరెసెయిని చేతిలో పడితే చచ్చిపోయిన రచయిత కూడా లేచొచ్చి పేజీ నంబరు చెప్పి పోవాలని డాక్టర్లు నవ్వుకునేవారు.

ఆ మాట పుట్టించినవాడు రొపాటే, ఆమె అన్న కొడుకు. పిల్లల గుండె డాక్టరు. నలుగురిలో ఉంటే మేడమ్ అంటాడు, ఎవరూ లేకపోతే అత్తా అంటాడు. ఆ సోమవారం తన వ్యాసం తెచ్చి ఆమె బల్లమీద పెట్టి, శుక్రవారం పత్రికకు పంపాలని చెప్పి వెళ్ళాడు. గొంతునొప్పితో మొదలై పిల్లల గుండెను తినేసే జ్వరం గురించిన వ్యాసం అది. ఆ జబ్బు పిల్లలకు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది పడాలి. పడటం లేదు. ఎందుకు పడటం లేదన్నదే వ్యాసం.

పదమూడు రిఫరెన్సులు తేలిగ్గానే అయ్యాయి. పద్నాలుగోది ఇరవై ఏళ్ళనాటిది, 212 నుంచి 218వ పేజీ వరకు అని ఉంది. సంపుటం తెరిస్తే 212లో విరిగిన కాళ్ళకు కట్టు కట్టడం గురించి ఉంది. ఇదే వ్యాసాన్ని చూపించిన మరో మూడు వ్యాసాలు తీసింది. మూడింటిలోనూ 212 నుంచి 218. అంటే తప్పును ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారు. అసలు కాగితం ఒక్కరూ తెరవలేదు.

ఆమె పేజీ తర్వాత పేజీ తిప్పుతూ పోయింది. 312లో దొరికింది. అది వ్యాసం కాదు, సంపాదకుడికి రాసిన అరపేజీ ఉత్తరం. ఎవరో డాక్టరు ఒక ద్వీపంలో పదకొండు రోజులుండి వచ్చి రాశాడు. పిల్లలు సూదికి రావడం తగ్గిందన్నాడు. నాలుగు నెలలుగా మందే రాలేదని అక్కడి నర్సు చెప్పిందన్నాడు. తల్లులు నాటువైద్యుల దగ్గరికి పోతున్నారేమో తనకు తెలియదనీ, ఎవరైనా వాళ్ళను అడిగి చూడాలనీ ముగించాడు.

రొపాటే ఆ పద్నాలుగో నంబరును ఏ వాక్యానికి తగిలించాడో అప్పుడు చూసింది. "ద్వీపాల్లోని తల్లులు నాటువైద్యాన్ని నమ్మి, పిల్లలను సూదికి తీసుకురారు."

మెరెసెయిని ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివింది. ఉత్తరంలోని ద్వీపం తనది కాదు. తనది కందావు ద్వీపం. కానీ రెండింటికీ మందు తెచ్చే పడవ ఒక్కటే. ఆ రోజుల్లో ఆమె నెలనెలా సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకుని, అదే జ్వరం పట్టిన తన తొమ్మిదేళ్ళ కూతురు లోసానాను వీపున వేసుకుని, తీరం చుట్టి నర్సు దగ్గరికి నడిచేది. అయిదు నెలలు నర్సు ఖాళీ పెట్టె చూపించింది. వచ్చే పడవలో వస్తుందిలే అనేది. రిజిస్టరులో పిల్ల పేరు ఎదురుగా ఇంటూ గుర్తు వేసేది. సూది పడలేదని చెబుతుంది ఆ గుర్తు. ఎవరివల్ల పడలేదో చెప్పదు. ఆరో నెలకు పిల్లే లేదు, నడవవలసిన అవసరం లేకపోయింది.

మర్నాడు రొపాటే వస్తే సంపుటం తెరిచి అతని ముందు పెట్టింది.

"పద్నాలుగోది తీసెయ్ అబ్బాయ్."

అతను నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు.

"ఇది నువ్వు ముందు చదివావా?"

"ఇంత పాతది ఎవరు చదువుతారత్తా? అందరూ ఇచ్చారు, నేనూ ఇచ్చాను."

"ఇప్పుడు చదివావు కదా."

అతను గొంతు తగ్గించాడు. ఆ వాక్యం తీస్తే పేపరుకు నడుం విరుగుతుందన్నాడు. తల్లులకు నచ్చజెప్పే కార్యక్రమానికే తనతో కలిసి వ్యాసం రాసిన మెల్‌బోర్న్ ప్రొఫెసరు నిధులు తెస్తానన్నాడట. మందు రాలేదని రాస్తే అది ప్రభుత్వంతో తగువవుతుందట, ఆ తగువులో ఎవరూ వేలు పెట్టరట.

"లోసానాకు నేను ఆకుపసరు పోశానా?"

"నీ గురించి కాదత్తా అది."

"తల్లుల గురించేగా."

అతను సంపుటం మూసి వెళ్ళిపోయాడు.

గురువారం సాయంత్రం ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే చాపమీద తల వంచుకు కూర్చుని, క్షమాపణ అడిగేటప్పుడు ఇచ్చే యంగోనా మొక్క వేళ్ళ కట్టను ఆమె ముందుకు జరిపాడు. పెద్దలు తప్పు ఒప్పుకునేటప్పుడు చెప్పే మాటలన్నీ వరసగా చెప్పాడు. "కొందరు తల్లులు" అని మార్చానన్నాడు. ఆ ఉత్తరం తీసేసి, అదే మాట చెప్పిన మిగతా మూడు వ్యాసాలనూ ఆధారంగా పెట్టానన్నాడు.

"ఆ మూడూ ఈ ఉత్తరంలోంచి వచ్చినవే కదరా."

కట్ట అక్కడే ఉంది. అది తీసుకుంటే ఆ గొడవను పాతిపెట్టినట్టే. ఆ తర్వాత చచ్చేదాకా దాన్ని నోటితో ఎత్తకూడదు. తీసుకోకపోతే, మంచంలో ఉన్న అన్నకు ఆ కబురు రాత్రికల్లా చేరుతుంది, చెల్లెలు తన కొడుకును గుమ్మంలోంచి పంపేసిందని. కొందరు అంటే అందులో తాను లేనట్టే కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది. చెయ్యి చాపి కట్టను తాకి, పుచ్చుకున్నట్టుగా అరచేతులు దొప్పలు చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టింది. కొబ్బరిపాలలో ఉడికించిన చేప, దుంపలు పెడితే రొపాటే రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఆ మూడు వ్యాసాలకూ చుక్కలూ కామాలూ పెట్టింది. ఒకదానికి ఏడుగురు రచయితలున్నారు. ఏడో మనిషిని తీసేసింది.

ఏడు నెలలకు పత్రిక అచ్చయి వచ్చింది. మెరెసెయిని కౌంటరు దగ్గర నిలబడే ఆ పేజీ తీసింది. "ద్వీపాల్లోని తల్లులు" అని ఉంది. కొందరు లేదు. మాటలు మించాయని సంపాదకుడు కోశాడో, ప్రొఫెసరు కొట్టేశాడో, లేక ఆ మార్పు రొపాటే చాపమీద చెప్పిన మాటల్లో తప్ప ఎక్కడా లేదో ఆమెకు తెలియదు. అడగడానికి లేదు. చివర చిన్న అక్షరాల్లో, రిఫరెన్సులన్నిటినీ మూలాలతో సరిచూసినందుకు శ్రీమతి మెరెసెయినికి కృతజ్ఞతలని వేశారు.

ఆ మధ్యాహ్నం రొపాటే అదే సంచిక పట్టుకుని వచ్చాడు. చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, బల్లమీదికి వంగాడు.

"చూశావా అత్తా? నీ పేరు కూడా వేశారు."

"చూశాను."

"తప్పులేమైనా ఉన్నాయా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకోలేదు, నవ్వుతూనే ఉన్నాడు.

"పేజీ నంబర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి," అంది.