చేయని పనికి సంతకం

చెల్లెలు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బాబాయి చెప్పులు విప్పుతూనే కాగితాలు ఆమె ముందు పెట్టాడు. ఆయన వెనకే కొడుకు చిన్నోడు. నిన్నగాక మొన్న సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు.

"వీడి రెజ్యూమె నువ్వే చెయ్యాలమ్మా. గవర్నమెంటు ఉద్యోగానికి ఉత్త డిగ్రీ చూపిస్తే ఎవడు లెక్కచేస్తాడు? ఏడాదిపాటు వంతెన పనిలో ఉన్నాడని ఒక ముక్క పడెయ్."

లోపల ఇస్త్రీ చేస్తున్న అన్న చెయ్యి ఆగిపోయింది.

పాఠకులారా, సరిగ్గా ఈ సలహానే బాబాయి ఒకప్పుడు అన్నకూ ఇచ్చాడు. ఇంజనీరుగా రిటైరైన మనిషి మాట కదా, అన్న నమ్మి దరఖాస్తులో అలాగే రాశాడు. ఉద్యోగ పరీక్షలో నెగ్గాడు. సర్టిఫికెట్ల పరిశీలనలో అధికారి అడిగింది ఒక్కటే: "చివరి సంవత్సరమంతా కాలేజీలో హాజరు ఉంది. అదే ఏడాది వంతెన ఎలా కట్టావు బాబూ?" చేతికందిన ఉద్యోగం పోయింది. మళ్లీ పరీక్ష రాయకుండా నిషేధమూ పడింది. బాబాయి మాత్రం "వాడి దురాశ, నాకేం తెలుసు" అని బంధువులందరి దగ్గరా చేతులు దులుపుకున్నాడు. ఆ మాటను చెల్లెలు మరిచిపోలేదు, దాచుకుంది.

ఇప్పుడామె ఎదురు చెప్పకుండా, ఆయన చెప్పింది చెప్పినట్టే టైపు చేసి ప్రింటు తీసింది.

"సెబాష్! మీ అన్నకి నీపాటి తెలివుంటేనా!"

"కింద మీ సంతకం కావాలి బాబాయ్."

"నాదెందుకు?"

"పని చేయించిన ఇంజనీరు మీరేనని రాశాను. పెట్టండి."

"పిచ్చిదానా! రేపు బయటపడితే నా పెన్షన్‌కే ఎసరు."

"కన్నకొడుకు కోసం కూడా పెట్టరా?"

"వాడి తిప్పలు వాడు పడతాడు, మధ్యలో నేనెందుకు ఇరుక్కోవాలి?"

అనేశాక గాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. చిన్నోడు తండ్రి ముఖంలోకే చూస్తున్నాడు.

"విన్నావురా చిన్నోడా? ఈ మాట నీ చెవిన పడాలనే ఇంతసేపూ టైపు చేశాను."

"ఇంత పగ పెట్టుకున్నావా నామీద?" అన్నాడు బాబాయి.

"పెట్టుకున్నాను. ఇంకా చల్లారలేదు." చెల్లెలు చిన్నోడి వైపు తిరిగింది. "నేర్చుకున్న పని, చేసిన ప్రాజెక్టు, వచ్చిన మార్కులు, ఉన్నవి మాత్రమే రాయి. లేనిది రాయమన్న మనిషి, నిన్ను నిలదీసే రోజున నీ పక్కన ఉండడు."

చిన్నోడు ఆ కాగితాన్ని తండ్రి ఒళ్లో పెట్టాడు. గడప దాటి వెళ్లిపోయాడు.