వీరభద్రం కొట్టిన కొబ్బరికాయ

వ్యాపారంలో అబద్ధం చౌక సరుకు. ఎప్పుడు పెట్టినా అమ్ముడుపోతుంది. నిజానికే గిరాకీ తక్కువ. కెనడాలో, టొరంటో పక్కన ఎటోబికోలో పాత కార్లమ్మే వీరభద్రం అందుకే నిజాన్ని ఎక్కువ నిల్వ పెట్టుకోలేదు.

ఆ ఉదయం సుధామయి వచ్చి కారు తాళాలు అతని బల్ల మీద పడేసింది. ఆమెకు రిచ్‌మండ్ హిల్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం. ఆ కారు అతని దగ్గర కొని నెల కాలేదు.

"హైవే ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే బండి గుంజుతలేదు అంకుల్. ఒక్క క్షణం సచ్చినట్టయితది, తర్వాత ఉరుకుతది. నిన్న వెనక ట్రక్కోడు మీదికే వచ్చిండు."

"పాత బండి కదమ్మా, చలికి కాస్త..."

"చలి కాదు. మీరు తెలిసే అంటగట్టిన్రు. గ్రూప్‌లో పెట్టిన, చూడండి."

చూశాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒకటే ముక్క: 'వీరభద్రం అంకుల్ దగ్గర బండి కొనకండి. చీటింగ్.'

అతనికి షోరూం లేదు, ప్రకటనలు లేవు. ఉన్న పెట్టుబడల్లా ఆ గ్రూపులో తన పేరే. పైగా ఎన్నో బళ్ళ జబ్బులు దాచి అమ్మినవాడు, ఈ బండిని మాత్రం నిజంగా బాగుందనే అమ్మాడు. మంటంతా అక్కడే.

"రోగమేంటో కళ్ళకి చూపిస్తా. అప్పుడా ముక్క తీసేస్తావా?"

"చూపిస్తే తీసేస్త."

బండిని తనే రోడ్డెక్కించాడు. మెల్లగా పోతే పేచీ లేదు. గట్టిగా తొక్కితేనే తడబాటు. పెట్రోలు అందడం లేదేమోనని పంపు ప్రెషర్ చూశాడు, సరిగ్గానే ఉంది. గాలి ఫిల్టర్ శుభ్రం. ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ కడిగి మళ్ళీ నడిపాడు, అదే తంతు. పెట్రోలూ గాలీ బాగుంటే మిగిలింది నిప్పు. స్పార్క్ ప్లగ్గుల మీద కూర్చుని వాటికి కరెంటిచ్చే కాయిల్స్ ఒక్కొక్కటే పీకాడు. మూడోది జిగురుగా ఊడివచ్చింది. ప్లగ్గు గుంటలో పాకం లాంటి మురికినీళ్ళు, వాటిలో ఒక పీచు ముక్క. బరువు పడ్డప్పుడల్లా నిప్పురవ్వ ఆ తడిలోకి దారి తప్పుతోంది.

వేలు ముంచి వాసన చూశాడు. పులిసిన కొబ్బరినీళ్ళు.

బండి అమ్మిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టడం అతని అలవాటు. భక్తి కాదు, బేరం. కాయ పగిలాక ఎవరూ బండికి వంకపెట్టరు. ఇదివరకు నేల మీదే కొట్టేవాడు. చిప్పలు తమ వాకిట్లోకి ఎగిరొస్తున్నాయని పక్క టైర్ల షాపువాళ్ళు తగువు పెట్టుకున్నాక, బానెట్ ఎత్తి అంచుకేసి కొట్టి, నీళ్ళు ఇంజిన్ మీదే చల్లుతున్నాడు. ఈ పాతబండికి ఇంజిన్ పైమూత ఎప్పుడో పోయింది, నీళ్ళు నేరుగా ప్లగ్గు గుంటలోకి దిగాయి.

'కల్తీ పెట్రోలమ్మా' అంటే సరిపోయేది. ఆమె నమ్మేది, ముక్క తీసేసేది. కానీ ఈ ఒక్క బండి విషయంలో తనది శుభ్రమైన చెయ్యి. ఆ రుచి అతనికి కొత్త. ఆమెను పిలిచి పీచు ముక్క చూపించాడు, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

సుధామయి గుంటలోకి చూసింది, అతని ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు దేవుడి మీదికి నూకుతున్నరా అంకుల్?"

"దేవుడి మీద కాదే తల్లీ, నా మీద! చల్లింది నేనేగా!"

"ఇన్ని బండ్ల మీద చల్లిన్రు, నా బండికే తగిలిందా? ఆ పీచు మీరే ఏసి ఉంటరు."

అతను గుంట తుడిచి, ఆరబెట్టి, ప్లగ్గూ కాయిలూ కొత్తవి వేశాడు. డబ్బు అడగలేదు. బండి మొదటి తొక్కుకే దూకింది. ఆమె తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం గ్రూపు తెరిచాడు. పాత ముక్క అలాగే ఉంది. దాని కింద కొత్తది: 'బండి బాగయింది. తప్పు కొబ్బరికాయదంట!' ఆ కింద వరసగా నవ్వు బొమ్మలు. కిందటేడాది ఇంజిన్ సగం చచ్చిన బండిని అతని దగ్గర కొని, కాయ కొట్టించుకుని, చేతులు జోడించి వెళ్ళిన భరద్వాజ్ కూడా ఒక బొమ్మ పెట్టాడు.

బల్ల కింద సంచిలో ఇంకా నాలుగు కాయలున్నాయి. వీరభద్రం వాటిని ఇంటికి పట్టుకెళ్ళాడు. పచ్చడికైనా పనికొస్తాయి.