అంతయ్య ఎంచుకున్న ఛత్రి

1957 నవంబరులో భైంసా నుంచి సిరిసిల్లకు ఒక కార్డు వచ్చింది. రాసింది దత్తోబా. మోకాలు విరిగిందని, ఇక తాను దూకలేనని, అంతయ్యకు ఇంకా మనసుంటే వచ్చి సామాను ఎంచుకోవచ్చని అందులో ఉంది.

దత్తోబా ఊరూరా తిరిగే ఒక కార్నివాల్‌లో పనిచేసేవాడు. పొగ నింపిన బట్ట బెలూన్ కింద వేలాడుతూ పైకి పోయి, అక్కడి నుంచి ప్యారాచూట్‌తో దూకడం ఆయన పని. ప్యారాచూట్‌ను కార్నివాల్ వాళ్ళు ఛత్రి అనేవారు. యుద్ధకాలంలో ఆయన పటాలంలో ఛత్రులు మడిచాడు. తరువాత పదేళ్ళలో నూట పన్నెండు సార్లు దూకాడు. నూట పదమూడోసారి నిర్మల్ దగ్గర బండ మీద దిగాడు.

అంతయ్యకు ఇరవై ఐదేళ్ళు. సిరిసిల్లలో గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. తండ్రి లేడు. తల్లి రామవ్వ కండెలు చుట్టేది, నూలుకు గంజి పట్టేది. ముందటేడు కార్నివాల్ సిరిసిల్లకు వచ్చినప్పుడు అంతయ్య మూడు రోజులు వరసగా దత్తోబా డేరాకు పోయి తనకూ నేర్పమని అడిగాడు. ఆ సంగతి తల్లికి కార్డు వచ్చిన రోజే తెలిసింది.

"గుంతల కాళ్ళు పెట్టుకొని కూసునెటోనివి," అంది రామవ్వ. "మొగులు మీదికెల్లి దునుకుతవా?"

"దునుకుత."

"కాలిరిగినోడు కారటు రాసిండు. నీ కాలు సుత ఇరగ్గొట్టుకుందామని పోతున్నవా?"

"చూసొస్త అవ్వా. నచ్చకుంటె వాపసొస్త."

రామవ్వ పొద్దున లేచి నాలుగు జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది.

భైంసాలో దత్తోబా కర్ర పట్టుకొని నిలబడి, జిన్నింగు మిల్లు ఆవరణలో టార్పాలిన్ వేయించాడు. దాని మీద మూడు ఛత్రులు పరిపించాడు. మూడూ యుద్ధం అయ్యాక సికింద్రాబాద్‌లో పటాలం పాత సామాను వేలంలో కొన్నవే.

"మా పనిల ఒకటే కాయిదా," అన్నాడు దత్తోబా. "ఎవని ఛత్రి వాడే ఎంచుకోవాలె, వాడే మడవాలె. రేపు మీద ఏమన్న అయితే దత్తోబా ఇచ్చిండు అనొద్దు."

"మీద ఏమన్న అయితే అనేటందుకు నేనుంటనా కాకా?"

"అందుకే ముందుగాల చెప్తున్న."

మొదటిది పట్టు. అంతయ్య గొంతుకూర్చున్నాడు. మధ్యలోంచి ఒక పోగు లాగాడు, గట్టిగా ఉంది. మడత ఉన్నచోట ఇంకో పోగు లాగాడు, తెగింది. మడతకు అటూ ఇటూ పట్టుకొని గుంజాడు. బట్ట జానెడు చిరిగింది.

దత్తోబా కొంతసేపు ఆ చిరుగునే చూశాడు. "నిర్మల్ల దీన్నే కట్టుకున్న," అన్నాడు.

"మడత కాడ మాగింది కాకా. పెట్టెల శానా రోజులు ఒక్కతీరుగ మడిచి పెట్టినట్టున్నరు."

"అరె బాబా." దత్తోబా పక్కనున్న పత్తి బస్తా మీద కూర్చున్నాడు. "మోకాలుతోనే పోయింది, పానం దక్కింది."

రెండోది నూలు బట్ట. అంతయ్య చేతికి అది తెలిసిన బట్ట. అంగుళానికి పోగులు లెక్కపెట్టి తల ఊపాడు. దత్తోబా కర్రతో దాన్ని పక్కకు నెట్టాడు.

"నక్కో. అది బియ్యం బస్తాలు దించేటిది, జోర్గ దిగుతది. బస్తాకు మోకాళ్ళు ఉండయి."

మూడోది నైలాన్. అంతయ్య అంతకుముందు నైలాన్ చూడలేదు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాడు. నూలయితే బూడిదవుతుంది, పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఇది కరిగి పూసలాగా గట్టిపడింది.

"గీ నూలు దేనిదే కాకా?"

"ఏ చెట్టుది గాదు, ఏ పురుగుది గాదు. కార్ఖానల పుట్టింది."

అంతయ్య ఇంకో పోగు వేలికి చుట్టి లాగాడు. వేలు తెల్లబడింది. పోగు తెగలేదు. ఛత్రిలో ఇరవై ఎనిమిది బట్ట పట్టీలు, ఇరవై ఎనిమిది తాళ్ళు ఉన్నాయి. ఒక్కో పట్టీ కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా నడిచాడు. మడతలు చూశాడు. మధ్యాహ్నం దాటాక ఇదే తీసుకుంటానన్నాడు.

ఒంటికి కట్టుకునే పట్టాలు కూడా మూడు జతలున్నాయి. తొడల కింద మెత్త కుట్టిన జతను అంతయ్య తీసుకోబోయాడు.

"మెత్తగున్నదని తీసుకోకు. ఏలాడి చూడు," అన్నాడు దత్తోబా.

మిల్లు దూలానికి అంతయ్యను వేలాడదీశారు. మెత్తల జతలో అయిదు నిమిషాలకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండోది చంకల్లోకి జారింది. మూడోదాని తోలు అరిగి ఉంది, కాని పావుగంట వేలాడినా ఎక్కడా ఒరుసుకోలేదు. దాన్నే తీసుకున్నాడు. బూట్లు మాత్రం చీలమండ పైదాకా ఉండేవి కరీంనగర్‌లో చూసుకోమన్నాడు దత్తోబా.

"పదిహేను రోజులు ఇంటికి తీసుకపో. రోజు ఇప్పు, రోజు మడువు. ఆగలేక చెట్టెక్కి దునికేవు! నేనొచ్చినంక చూద్దాం."

ఇంట్లో ఛత్రి పరిచే చోటు లేదు. పద్మశాలీలు పడుగు చాపే వీధిలో అంతయ్య పొద్దున్నే దాన్ని పరిచేవాడు. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ పేర్చి, పొడుగునా సగానికి మడిచి, సంచిలోకి కుక్కాలి. నైలాన్ జారేది. పది పట్టీలు పేర్చేసరికి మొదటి నాలుగు పక్కకు పోయేవి.

"అంతన్నా, గీ చీర ఏ రాచ్చసికే?" అని దారిన పోయేవాళ్ళు అడిగేవారు.

రామవ్వ నాలుగు రోజులు దాని దిక్కు చూడలేదు. అయిదోరోజు వచ్చి అంచు పట్టుకుంది. పైదాకా చూసుకుంటూ పోయి నెత్తిన ఉన్న రంధ్రం దగ్గర ఆగింది.

"గింత బొంద ఉన్నదేందిరా? జర సూదివెడుత."

"వద్దవ్వా! గాలి పోయేటందుకు గది. మూసినవంటె ఛత్రి ఊగి ఊగి నన్ను కింద కొడుతది. సూది పెట్టనని ఒట్టెయ్యి."

రామవ్వ ఒట్టేసింది.

పన్నెండో రోజు అంతయ్య బూట్ల కోసం కరీంనగర్ పోయి, మరునాడు మధ్యాహ్నం వచ్చాడు. ఛత్రి అరుగు మీద ఉంది. ఉతికి, ఆరబెట్టి, కొత్త చీరలాగా మడిచి ఉంది. చేత్తో తాకితే గరగరలాడింది.

"గంజి పెట్టినవా?"

"పెట్టనా మరి? వాడిపోయిన గుడ్డ గట్టుకొని నలుగురి ముంగట దునుకుతవా? గంజి లేని బట్ట మనింట్లకెల్లి ఎన్నడన్న బయటికి పోయిందా?"

పోలేదు. ఆ వీధిలో ఏ ఇంటి నుంచీ పోలేదు. అంతయ్య ఛత్రిని వీధిలో పరిచి మడవడం మొదలుపెట్టాడు. పట్టీలు పెట్టినచోట ఉన్నాయి. అంచులు అంచుల మీద కూర్చున్నాయి. పన్నెండు రోజులుగా రెండు గంటలు పట్టే పని అరగంటలో అయింది.

"అవ్వా, ఎంత మంచిగ కూసున్నదే!" అన్నాడు.

కొడుకు పోవడానికి తాను ఒప్పుకున్నానని రామవ్వ ఆ గంజితోనే చెప్పింది.

దత్తోబా డిసెంబరు మొదటివారంలో కరీంనగర్ వచ్చాడు. కార్నివాల్ మానేరు ఒడ్డున డేరాలు వేస్తోంది. అంతయ్య దూకాల్సిన రోజుకు ఇంకా ఆరు రోజులున్నాయి. అంతయ్య సిరిసిల్ల నుంచి తెచ్చిన సంచిని దత్తోబా చూశాడు. మడత విప్పితే మళ్ళీ మడవాలి కాబట్టి లోపల చూడలేదు. చుట్టూ తడిమి, "మొదటిసారి గింత సాఫ్‌గ నేను సుత మడవలే," అన్నాడు.

దత్తోబాకు ఒక పద్ధతి ఉంది. మొదటి మడత మన్నుకు, రెండో మడత మనిషికి. కొత్తవాడు కట్టిన మొదటి సంచి మనిషితో పైకి పోదు. ఇసుక బస్తాతో పోతుంది. కట్టెల అడితిలో పెద్ద త్రాసుకు ఒక పక్క అంతయ్యను కూర్చోబెట్టి, రెండో పక్క బస్తాలో ఇసుక పోయించాడు. త్రాసు సమానం అయ్యాక బస్తా కుట్టించాడు. దాన్ని బండిలో ఎల్గందుల కోటకు తీసుకుపోయారు. బండివాళ్ళు ఇద్దరు బస్తాను పైకి మోశారు. దత్తోబా కర్ర పట్టుకొని మెల్లగా ఎక్కాడు.

గోడ కింద బండ నిట్టనిలువుగా దిగే చోట ఆగారు. రెండు వందల అడుగులు ఉంటుందని దత్తోబా అంచనా. అంతయ్య పట్టాలు తాను కట్టుకున్నట్టే బస్తాకు కట్టాడు. సంచిని తెరిచే తాడును గోడలోని ఇనుప కడ్డీకి ముడివేశాడు. బెలూన్ దగ్గరయితే అదే తాడు బెలూన్‌కు ఉంటుంది. మనిషి పడగానే తాడు సంచిని లాగుతుంది, ఛత్రి బయటికి వస్తుంది.

"నూకు," అన్నాడు దత్తోబా.

అంతయ్య తోశాడు. తాడు బిగిసింది. సంచి తెరుచుకుంది. ఛత్రి బయటికి వచ్చింది, పొడుగునా సాగింది. విచ్చుకోలేదు. పేర్చిన పట్టీలు పేర్చినట్టే ఉండి, పిండిన చీరలాగా బస్తా వెనకాల పోయాయి. బస్తా కింద బండకు తగిలి పగిలింది. చప్పుడు తరువాత వచ్చింది.

అంతయ్య గోడ మీద రెండు చేతులూ పెట్టి కిందికి చూస్తూ ఉండిపోయాడు. ఇసుక బండ మీద నుంచి ఇంకా జారుతూనే ఉంది.

కిందికి దిగడానికి అరగంట పట్టింది. దత్తోబా ఛత్రి అంచు పట్టుకొని రెండు పట్టీలను విడదీశాడు. అవి చిటచిటమంటూ ఊడాయి. అంచును నాలుకకు తాకించాడు.

"గిదేంది?"

"గంజి," అన్నాడు అంతయ్య.

"ఎవరు పెట్టిన్రు?"

"మా అవ్వ. నాకు ఎరుకనే కాకా. మంచిగ కూసున్నదని సంబురపడ్డ."

దత్తోబా బండ మీద కూలబడ్డాడు. ముందు భుజాలు కదిలాయి, తరువాత నవ్వు బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"తడిసిన ఛత్రి చూసిన. ఎలుక కొట్టింది చూసిన. గంజి పెట్టి ఇస్త్రీ చేసింది ఇగో, గిప్పుడు చూస్తున్న. బాబా, నీ తోటి పెండ్లికి పోవాలె గని దునుకొద్దు!"

అంతయ్య కూడా నవ్వబోయి, ఇసుకలోనే కూర్చున్నాడు. కొంతసేపటికి తన తొడలు, మోకాళ్ళు, చీలమండలు ఒక్కొక్కటే చేత్తో పట్టి చూసుకున్నాడు.

"అవ్వకు ఏం చెప్పాలె కాకా?"

"ఏం చెప్పకు. గంజి తియ్యమను, బస్."

మరునాడు ఇద్దరూ సిరిసిల్ల పోయారు. అంతయ్య అలాగే చెప్పాడు.

"ఎందుకురా?" అంది రామవ్వ. "మంచిగ నిలవడ్డది గద."

"నిలవడొద్దవ్వా. విచ్చుకోవాలె."

రామవ్వ కొడుకు మొహం చూసింది. తరువాత దత్తోబా మొహం చూసింది. ఆయన తల వంచుకున్నాడు. "సూది పెట్టలే గదరా," అని మెల్లగా అని, అరుగు మీద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

వేడినీళ్ళలో నానబెట్టి, చల్లనీళ్ళలో జాడించింది. ప్రతిసారీ చివరి నీళ్ళను దోసిట్లో పట్టి వెలుతురుకు చూసేది. ఏడో నీళ్ళు తేటగా వచ్చాయి. ఇంకో నాలుగు నీళ్ళు పోసింది. నీడలో ఆరబెట్టింది. అంచు నుంచి అంచుదాకా నాలుకతో తాకి చూసింది.

ముందు ఇసుక బస్తాకు కట్టి వేసి చూస్తామని దత్తోబా చెప్పాడు.

"నేను సుత వస్త," అంది రామవ్వ. "బస్తా ఏసేటప్పుడు నేనుండాలె."

అంతయ్య వీధిలో ఛత్రి మడిచాడు. పట్టీలు జారాయి. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. దత్తోబా పక్కన కూర్చొని ఒక్క వేలు పెట్టలేదు.

ఎల్గందులలో ఈసారి రామవ్వ గోడ దగ్గర నిలబడింది. అంతయ్య బస్తా తోశాడు. తాడు బిగిసింది, ఛత్రి సాగింది, ఒక చప్పుడుతో విచ్చుకుంది. బస్తా ఊగుతూ దిగి కింద చెలక మట్టిలో కూర్చుంది. కుట్టు ఊడలేదు.

"అయిపాయె వదినా," అన్నాడు దత్తోబా. "ఇగ ఫికర్ లేదు."

"మల్లొక్కసారి."

"వదినా, మల్ల మడవాలె, మల్ల మొయ్యాలె."

"మడువుండ్రి. నాకేం తొందర లేదు."

ఆ రోజు బస్తా ఇంకో రెండుసార్లు దిగింది. మూడోసారి రామవ్వ చూడనే లేదు. గోడకు ఆనుకొని కూర్చుని, దత్తోబాకు రొట్టె తుంచి ఇచ్చింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మానేరు ఒడ్డున కందకంలో కట్టెలు అంటించారు. బెలూన్ నిండడానికి ముప్పావుగంట పట్టింది. తాళ్ళు పట్టుకున్న ఇరవై మంది ఒక్కసారిగా వదిలారు. అంతయ్య కాళ్ళు నేల విడిచాయి. కార్నివాల్ బాజాలు కొంతసేపు వినిపించి ఆగిపోయాయి. కింద దత్తోబా దూకమని ఎర్రగుడ్డ ఊపాడు. అంతయ్య తనను బెలూన్‌కు పట్టి ఉంచిన కొక్కెం తీసి వదిలేశాడు.

ఒకటి, రెండు లెక్కపెట్టాడు. మూడు అనేలోపల తొడల కింద పట్టాలు బిగుసుకున్నాయి. తల ఎత్తి చూశాడు. ఇరవై ఎనిమిది పట్టీలూ కనిపించాయి. నడుమ రంధ్రంలోంచి ఆకాశం కనిపించింది. ఊపిరి వదిలాడు. కిందికి చూస్తే ఏరు, ఇసుక, బండ్లు, మనుషులు. ఎవరి మొహమూ తెలియలేదు.

గాలి ఆయన్ను ఇసుక మీదికి కాకుండా అవతలి తోటల దిక్కు నెట్టింది. మోకాళ్ళు వంచి, కాళ్ళు దగ్గర పెట్టుకొని ఒక మిరప తోటలో దిగాడు. పక్కకు పడి రెండు సాళ్ళు దొర్లాడు. ఛత్రి ఇంకో నాలుగు సాళ్ళ మీద పరుచుకుంది.

తోట చంద్రవ్వది. మంచె మీద నుంచి వడిసెల పట్టుకొని పరిగెత్తుకొచ్చింది.

"ఎవడువురా నువ్వు? దిగేటందుకు నా తోటనే దొరికిందా? ఏరు గంత ఎడల్పున్నది, కండ్లు కనవడలేదా? కాయ తెంపేటి యాళ్ళకు మీదవడి దొర్లుతున్నవు, గాడ్దె తీర్గ!"

అంతయ్య లేచి కూర్చున్నాడు. పళ్ళన్నీ బయటపడేలా నవ్వాడు.

"నవ్వుతున్నవా? నవ్వుతున్నవురా?"

ఏటి ఇసుకలోంచి మనుషులు పరిగెత్తి వస్తున్నారు. అందరికంటే ముందు రామవ్వ వచ్చింది. చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. కొడుకును చూసి ఆగింది. రెండు చేతులతో నడుము పట్టుకొని రొప్పింది.

"గీయన నీ కొడుకా అవ్వా?" అంది చంద్రవ్వ.

రామవ్వ తల ఊపింది.

"చూడు, ఎన్ని చెట్లు ఇరిగినయో చూడు! తల్లివి, జర బుద్ధి చెప్పొద్దా?"

"తిట్టు బిడ్డా," అంది రామవ్వ. దుమ్ములోనే సాలు మీద కూర్చుంది. "మంచిగ తిట్టు. నాకు దమ్మొస్తున్నది. నా వంతు సుత నువ్వే తిట్టు."