ముప్పై డిగ్రీల వాలు

అయినా, వేలు తీశాక కూడా ఎరుపు ఎరుపుగానే ఉండిపోయిందన్నది తన కళ్ల పొరపాటే కావచ్చు. కిటికీలోంచి వచ్చే మధ్యాహ్నపు వెలుగు అలాంటిది, దేన్నయినా కాస్త ఎర్రగానే చూపిస్తుంది. ఇంకోసారి నొక్కితే తెల్లబడుతుందేమో. తెల్లబడితే ఏ గొడవా లేదు.

నర్సు ఇంకోసారి నొక్కింది. మనసులో మూడు దాకా లెక్కపెట్టి వేలు తీసింది. మామూలు చర్మమైతే వేలి అచ్చు తెల్లగా పడి, నెత్తురు మళ్లీ చేరుకునేదాకా క్షణంపాటు నిలుస్తుంది. ఇక్కడ అచ్చే పడలేదు. మంచం మీది టైలరు గారి కుడి తుంటి ఎముక మీద కోటు గుండీ అంత మచ్చ, గీత గీసినట్టున్న అంచుతో, ముందు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆమె డబ్బా మూత తీసి, ఆ మచ్చ మీద తెల్లని క్రీమ్ దట్టంగా పూసింది. పలచగా రాయాలి, కింద చర్మం కనబడేటట్టు రాయాలి, దట్టంగా పూస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలీదు అని ఈ వార్డులోకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ నేర్పేది ఆమే.

"ఏం తల్లీ, మనిషికి క్రీమ్ రాస్తున్నావా, గోడకి సున్నం కొడుతున్నావా?" అంది పక్క మంచం దగ్గర దుప్పటి మారుస్తున్న ఆయా.

"డైపర్ తడి, ఆయా. చర్మం చెడుతోంది."

"తడైతే తొడల సందులో ఉండాలిగా? తుంటెక్కి కూర్చుందేం?" అని, జవాబు కోసం ఆగకుండా దుప్పటి అంచు పరుపు కిందికి దోపేసి, "అయినా నీకు తెలియంది నాకేం తెలుసులే," అంటూ బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఆయాకి తెలుసు. తెలుసు కాబట్టే ఆగలేదు.

అది మంచాన పడినవాళ్ల వార్డు. పన్నెండు మంచాలు. ఎవరూ తమంతట తాము పక్కకి దొర్లలేరు, ఎవరికీ మూత్రం మీద పట్టు లేదు. పదహారేళ్లుగా ఆమె పని వాళ్ల చర్మమే. రెండు గంటలకోసారి పక్క మార్చడం, తడిసిన డైపర్ వెంటనే తీసేయడం, రుద్దకుండా గోరువెచ్చని నీళ్లతో తుడిచి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టడం, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం. రోగుల బంధువులు ఆమెను మెత్తచెయ్యి సిస్టర్ అంటారు. ఆ పేరు ముందు విన్నప్పుడు సిగ్గుపడింది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు సొంత పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతుంది.

రెండు రకాల దెబ్బల్నీ దూరం నుంచే గుర్తుపట్టగలదు. తడి వల్ల చెడిన చర్మం మడతల్లో మొదలవుతుంది. అంచులు తెలియకుండా అటూ ఇటూ పాకుతుంది, మెరుస్తుంది, మండుతుంది. తడి ఆపితే నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఒత్తిడి పుండు తీరు వేరు. ఎముక ఎక్కడ పొడుచుకొస్తే అక్కడ గుండ్రంగా కూర్చుంటుంది. పైన చిన్న మచ్చ కనబడేసరికి కింద మాంసం చాలా దూరం చచ్చిపోయి ఉండొచ్చు. ఇది తెలిసిన మనిషి, టైలరు గారి చార్టులో నాలుగు రోజులుగా ఒకే మాట రాస్తోంది: తడి వల్ల.

ఒత్తిడి అని రాస్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఏ పక్కన, ఎన్ని గంటలు, ఎవరి డ్యూటీలో? అవి అయ్యాక ఆమెను కింద ఇంజెక్షన్ల గదికి మార్చేస్తారు. పోయినేడు ఒకామెను అలాగే మార్చారు. అక్కడ ఎవరూ రెండు నిమిషాలకి మించి కూర్చోరు. సూది గుచ్చిన చెయ్యి ఎవరిదో తలెత్తి చూసే తీరిక కూడా ఎవరికీ ఉండదు.

టైలరు గారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కుడి పక్కంతా చచ్చుబడింది. అక్కడ ఇటుక పెట్టినా ఆయనకి తెలియదు. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "వచ్చావా?" ఆకలేసినా అదే, దురదేసినా అదే, కిటికీ మీద పిట్ట వాలినా అదే. వార్డులో అందరికీ నవ్వులాట. మందుల బండి తోసుకొచ్చే అమ్మాయి, "వచ్చానండీ, మీ కోసమే పరిగెత్తుకుంటూ వచ్చాను," అని మూతి తిప్పుతుంది. ఆయన కూడా సగం మూతితో నవ్వుతాడు.

కానీ తలుపు తెరుచుకున్నప్పటి "వచ్చావా" వేరు. దాన్ని ఆమె ఒక్కతే విడిగా వింది, లేదా వింటున్నానని అనుకుంది. ఆ మాటకి ముందు ఒక వెలుగు ఉంటుంది. తలుపు రెక్క కదలగానే ఆయన కళ్లు పైకి లేస్తాయి. ముఖమంతా, చచ్చుబడిన సగంతో సహా, ఎక్కడికో బయల్దేరుతున్నట్టు ముందుకి వస్తుంది. అప్పుడంటాడు. తర్వాత ఎవరో పోల్చుకుని మెల్లగా వెనక్కి వాలిపోతాడు. భార్య కోసం ఆ చూపు. ఆవిడ గురువారం, ఆదివారం మాత్రమే వస్తుంది. వారాల లెక్క ఆయనకి లేదు.

పోల్చుకోవడానికి ముందు అర క్షణం ఉంటుంది. ఆ అర క్షణంలో, తలుపు దగ్గర నిలబడ్డ నర్సు, ఎవరో ఎంతో కాలంగా కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన మనిషి.

నర్సు ఉండేది అన్నావదినలతో. వాళ్లు మంచివాళ్లు. ఆమె దగ్గర ఓ తాళంచెవి ఉంది కనక ఎవరూ లేచి తలుపు తీయక్కర్లేదు. లోపలికి వెళ్తే టీవీ ముందున్న తలలు కదలవు. భోజనం మూత పెట్టి ఉంటుంది. "అదుగో, అక్కడ పెట్టానమ్మా," అంటుంది వదిన, ప్రేమగానే, తెర మీంచి కళ్లు తిప్పకుండా. రోజుకి పన్నెండు మంది ఒళ్లు పట్టుకుని తిప్పే మనిషిని ఆఖరుసారి ఎవరు, ఎందుకు ముట్టుకున్నారో గుర్తు తెచ్చుకోవాలంటే ఆమెకి చాలాసేపు పడుతుంది. ఒకసారి బస్సులో పక్కావిడ నిద్రపోయి భుజం మీద తల వాల్చింది. దిగాల్సిన చోటు దాటిపోయినా ఆమె కదల్లేదు.

పక్క మార్చేటప్పుడు మనిషిని పూర్తిగా ఒత్తిగిలి పడుకోబెట్టకూడదు. వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలు వాల్చాలి. అప్పుడు బరువు తుంటి ఎముక మీద కాకుండా పిర్ర కండ మీద పడుతుంది. కానీ ముప్పై డిగ్రీల్లో మనిషికి కనబడేది సీలింగు. తలుపు కనబడాలంటే పూర్తిగా, నిట్టనిలువుగా, కుడి తుంటి మీదే ఉండాలి. నాలుగు వారాల కింద ఒక మధ్యాహ్నం ఆయన మెడ పట్టేసేలా తల తిప్పుకుని తలుపు కేసి చూడబోతే, జాలేసి ఆ దిండు తీసేసింది. జాలే. ఆ మొదటి రోజు మాత్రం నిజంగా జాలే. మర్నాడు కూడా దిండు తీసి, ఏదో పని మీద బయటికెళ్లి తలుపు తోసుకుని వచ్చినప్పుడు ఆ వెలుగు తన మీద పడ్డాక, ఇంక దాన్ని జాలి అనడం కుదరలేదు. అయినా అలాగే అనుకుంటూ వచ్చింది. ముందు అరగంట, తర్వాత గంట, తర్వాత తన డ్యూటీ అంతా. స్టోరుగదికి ఏ పనీ లేకుండా వెళ్లి, తలుపు తోసుకుని మళ్లీ రావడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు.

ఆ రోజు గురువారం. నాలుగింటికి భార్య వచ్చింది. దుకాణం ఇప్పుడు ఆవిడే నడుపుతోంది. మెళ్లో కొలత టేపు తీయడం మర్చిపోయి వచ్చింది.

"వచ్చావా?" అన్నాడాయన.

"వచ్చాన్లే. ఏమయ్యా, చూపులు గుమ్మానికి పెట్టి కుట్టేశావా ఏంటి? కుట్టు విప్పి నా వంక చూడు." ఆవిడ సంచీలోంచి పాల ఫ్లాస్కు తీసి గ్లాసులో పోసింది. ఆయన గ్లాసు కేసి చూసి, అంతే మురిపెంగా, "వచ్చావా?" అన్నాడు.

ఆవిడ పకపకా నవ్వింది. "చూశావా అమ్మాయ్? నలభై ఏళ్లు కాపురం చేసి, గ్లాసెడు పాలకి సవతినయ్యాను."

నర్సు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. గ్లాసుని చూసి కూడా ఆ ముఖంలో అదే వెలుగు. ఎక్కడా తేడా లేదు.

భార్య ఆయన పైజమా నాడా సర్దుతూ దుప్పటిలోంచి కుడి తుంటి కిందికి చెయ్యి పోనిచ్చింది. చెయ్యి బయటికి తీసి చూసుకుంది. వేళ్లన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇంత క్రీమెందుకే తల్లీ?" అని మళ్లీ లోపల తడిమింది. ఏ గుడ్డ ఎంత దూరం సాగుతుందో చీకట్లో చెప్పగల వేళ్లు ఆవిడవి. ఆగాయి. "ఇక్కడ గట్టిగా ఉందే. చుట్టూ ఉన్నదానికంటే వేడిగా కూడా ఉంది. ఏంటిది?"

"ఎప్పుడూ ఇటే ఉంచుతున్నామండీ," అంది నర్సు. "మీరు వచ్చే దారి కనబడుతుందని."

"నేనొచ్చే దారా?" ఆవిడ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది, కోపం రాలేదు, అదే నర్సుకి కష్టమైంది. "పిచ్చిదానా. దానికోసం తుంటి అరగదీస్తారా? అటు తిప్పమ్మా. ఆయనకి నేను కనబడకపోతే నేనే అటొచ్చి కూర్చుంటాను. నాకేం, కాళ్లు లేవా?"

ఇద్దరూ కలిసి కింది దుప్పటి పట్టుకుని, ఈడవకుండా లేపి, ఆయన్ని ఎడమవైపుకి మార్చారు. నర్సు వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలకి వాల్చింది. పిక్కల కింద ఇంకో దిండు. భార్య స్టూలు ఎత్తుకుని, గోడకీ మంచానికీ మధ్య ఉన్న జానెడు సందులోకి పక్కగా నడుస్తూ, మోకాలు కొట్టుకుని "అబ్బా" అంటూ దూరింది. ఇరుక్కుని కూర్చుని, మంచం మీదికి వంగి ముఖం ఆయన ముఖానికి ఎదురుగా పెట్టింది.

"వచ్చావా?" అన్నాడాయన.

మంచం ఇవతల నిలబడ్డ నర్సుకి ఆయన ముఖం కనబడలేదు. భార్య ముఖం కనబడింది. చూస్తుండగా దాని మీద ఆ వెలుగు పడింది. కొలత టేపు కొసని ఆయన మంచి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగుతోంది. ఆవిడ కిందికి, ఇంకా కిందికి వంగుతోంది. తలుపు దగ్గర నిలబడి నెల రోజులుగా దొంగిలించింది ఇదీ. ఇంత ఉంటుందని తెలియదు. తెలిసి ఉంటే, అనుకుంది, తెలిసి ఉంటే ఏం చేసేది? బహుశా ఇంకా ఎక్కువ దొంగిలించేది. కర్టెన్ లాగి పక్కకి తప్పుకుంది.

భార్య వెళ్లేసరికి అయిదు దాటింది. నర్సు గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ తెచ్చుకుంది. మధ్యాహ్నం దట్టంగా పూసిన క్రీమంతా రుద్దకుండా, నానబెట్టి, అద్ది తీసింది. చాలా సమయం పట్టింది. మచ్చ బయటపడింది. అప్పటికంటే ముదిరింది, నడిమధ్య ఊదారంగు తిరుగుతోంది. చర్మం ఇంకా చిట్లలేదు. ఇవాళ్టి నుంచి ఆ ఎముక మీద బరువు పడకపోతే చిట్లకుండా ఆగొచ్చు. మిగతా డ్యూటీల వాళ్లు కూడా ఆపితేనే. ఆమె ఒక్కతి ఆపితే సరిపోదు. తడి వల్ల అని చదివినవాళ్లు డైపర్ మారుస్తారు, క్రీమ్ రాస్తారు. పక్క గురించి ఆలోచించరు.

అయిదున్నరకి హెడ్ సిస్టర్ చార్టుల మీద సంతకాలు పెట్టుకుంటూ వచ్చింది. ఎత్తుగా, నిటారుగా ఉండే ఆ మనిషిని వెనకాల స్కేలు అంటారు. ఒక్కో మంచం దగ్గరా దుప్పటి ఎత్తి చూస్తుంది. మెత్తచెయ్యి రాసిన చార్టు దగ్గర మాత్రం ఎత్తదు.

"టైలరు గారు. తడి వల్ల, తగ్గుతోందా?"

"దుప్పటి ఎత్తి చూస్తారా?" అంది నర్సు.

"నువ్వు రాశావుగా," అంది హెడ్ సిస్టర్, పెన్ను మూత తీస్తూ. "నువ్వు రాశాక నేను చూసేదేముంది? నిన్ను నమ్మకపోతే ఈ వార్డులో ఇంకెవర్ని నమ్మాలి చెప్పు."

ఆ మాట ఇంకో రోజైతే ఇంటిదాకా మోసుకెళ్లి దాచుకునేది. ఆమె చార్టు కేసి చూసింది, తన గుండ్రని అక్షరాలు నాలుగు వరసలుగా ఉన్నాయి. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? దిండు దగ్గరా, జాలి దగ్గరా, తలుపు దగ్గరా? హెడ్ సిస్టర్ పెన్ను కాగితం మీదికి దిగుతోంది.

మెత్తచెయ్యి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఏంటే?" అంది హెడ్ సిస్టర్, పెన్ను పట్టుకునే.

ఆమె పెన్ను తీసి మంచం మీద పెట్టింది. దుప్పటి పక్కకి తొలగించింది. హెడ్ సిస్టర్ చూపుడువేలిని తన వేళ్లతో పట్టుకుని, ఊదారంగు తిరిగిన ఆ మచ్చ మీద ఆనించి, నొక్కింది.