నాలుగు టైర్లూ మార్చాల్సిందే

నవంబరు నుంచి మార్చిదాకా కారు తాళం అల్మరాలో పెట్టెయ్యమన్నాడు మా అబ్బాయి శశికాంత్. అన్నం తింటూ, పెరుగు ఇటివ్వమన్నంత తేలిగ్గా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గిన్నె వాడి ముందు ఠప్పుమని పెట్టి లేచిపోయాను.

నా పేరు దమయంతి. మాది తెనాలి. ఆయన పోయాక నాలుగేళ్ళ కిందట మిషిగన్‌లోని ట్రాయ్‌కి వచ్చాను. కొడుకూ కోడలి దగ్గరే ఉంటాను. యాభై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. రెండుసార్లు ఫెయిలయ్యాను. మూడోసారి నన్ను చూడగానే ఆ టెస్టు తీసుకునే ఆవిడకే నవ్వొచ్చింది. లైసెన్సు వచ్చాక ఒక డేకేర్‌లో ఉద్యోగం దొరికింది. నడక కూడా రాని పసిపిల్లల గది నాది, పొద్దున ఏడింటి షిఫ్టు. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన మొదటి ఉద్యోగం అది. ఆ జీతంతోనే చిన్న ఎర్ర కారు ఒకటి, సెకండ్ హ్యాండ్‌ది, కొనుక్కున్నాను. మా వాడు దాన్ని అగ్గిపెట్టె అంటాడు. అననీండి, నాకు అది చాలు.

వాడలా అనడానికి కారణం లేకపోలేదు. కిందటి జనవరిలో లాంగ్ లేక్ రోడ్డు మీద మలుపు తిప్పుతుంటే కారు జారింది. నేనిటు తిప్పితే అదటు పోయి ఎవరింటి ముందో మెయిల్‌బాక్సుని గుద్దింది. ఆ ఇంటాయన మహానుభావుడు, తిట్టకపోగా లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాడు. ఆ తరువాత మంచు పడిన ప్రతిసారీ మా వాడు దింపితే వెళ్ళడం, వాడికి మీటింగులుంటే మానెయ్యడం. ఈ ఏడు మా డైరెక్టర్ నన్ను కూర్చోబెట్టి చాలా మర్యాదగానే చెప్పింది, చలికాలంలో రోజూ వేళకి రాలేకపోతే పొద్దుటి షిఫ్టు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని. మాది హాస్పిటల్ పక్కన డేకేర్. నర్సుల పిల్లలూ డాక్టర్ల పిల్లలూ వస్తారు. మంచుకి స్కూళ్ళు మూసేసినా మేం మూయడానికి లేదు. అంటే, తాళం అల్మరాలో పెడితే ఉద్యోగం కూడా అందులో పెట్టినట్టే. నాలుగు నెలలు ఇంట్లో మెట్లెక్కుతూ దిగుతూ కూర్చోవాలి. నా వల్ల కాదన్నాను.

అప్పుడు నోరు విప్పింది మా కోడలు నమ్రత. ఈ పిల్ల సంగతి కాస్త చెప్పాలి. కరీంనగర్ పిల్ల, మాటలు తక్కువ. కార్ల బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీరు. ప్రతి జనవరిలో మూడు వారాలు మిషిగన్‌కి ఉత్తరపు కొసన ఉన్న అప్పర్ పెనిన్సులాకి పోతుంది. అక్కడ గడ్డకట్టిన చెరువు మీద కార్లు నడిపి, ఎంత దూరంలో ఆగుతున్నాయో కొలుస్తారట. ఇల్లూ మొగుణ్ణీ వదిలేసి మంచులో కార్లు జారించడం ఏం ఉద్యోగమని నేను చాలాసార్లు సణిగాను. దాని చెవిన పడేలాగే సణిగాను. అది ఏనాడూ బదులు చెప్పలేదు.

ఆ రోజు మాత్రం చెప్పింది. "కారు చిన్నదని కాదు జారింది. టైర్లు గట్టిపడి జారింది. వింటర్ టైర్లు ఏస్తే అత్తమ్మ మంచిగ నడుపుతది."

మా వాడు వాట్సాప్ గ్రూపులో అడిగి వచ్చాడు. ముందు చక్రాలే కదా బండిని లాగేది, వాటికి రెండు వేయిస్తే సరిపోతుంది, మేమందరం అలాగే చేశాం అన్నారట అక్కడి మేధావులు. నమ్రత తల అడ్డంగా ఊపింది. నాలుగు టైర్లూ మార్చాల్సిందే, లేదంటే అసలు వద్దంది. ముందువి రోడ్డుని పట్టుకుని వెనకవి పట్టుకోకపోతే, బ్రేకు వేసినప్పుడు కారు తోక ఊడొచ్చినట్టు గిర్రున తిరుగుతుందట. ఒక కాలికే చెప్పేసుకుని బురదలో నడిచినట్టన్నమాట.

నిజం చెబుతాను, అప్పుడు నాకు దాని మీదే కోపమొచ్చింది. రెండిటితో పోయేదానికి నాలుగంటుంది, చదువు చూపించుకుంటోంది అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను. నా నోరు అలాంటిది.

అయినా అది శనివారం నన్ను కారెక్కించుకుని టైర్ల కొట్టుకి తీసుకెళ్ళింది. అక్కడ గేరేజీ బయట, చలిలో, రెండు రకాల టైర్లు పక్కపక్కన పెట్టున్నాయి. గ్లవ్ తీసి రెండిటినీ బొటనవేలితో నొక్కమంది. నా కారుకి ఉన్నటువంటిది చలికాలపు నెయ్యిలా గట్టిగా ఉంది, గోరు కూడా దిగలేదు. రెండోది మెత్తగా వేలికి లొంగింది. ఈ మెత్తదనమే రోడ్డుని పట్టుకుంటుంది అంది. టైరు పక్కభాగం మీద చిన్న కొండ బొమ్మ, కొండలో మంచుపువ్వు ఉంటేనే అసలైన వింటర్ టైరట, అది చూసే కొనాలట. కొట్టువాడు వెడల్పువి చూపిస్తే వద్దని సన్నవి తియ్యమంది. సన్నటి టైరు మంచు మీద తేలకుండా లోపలికి దిగి రోడ్డు అందుకుంటుందట, చిన్న కారుకి అదే మేలట, అవే నాలుగూ వేయించింది. ఆ కొట్టువాడు దాన్ని మేడమ్ మేడమ్ అంటూ ప్రశ్నలడిగి తెలుసుకుంటున్నాడు. ఏళ్ళ తరబడి టైర్లు అమ్ముతున్నవాడు మా పిల్లని అడుగుతుంటే నాకు కాస్త సిగ్గేసింది. ఒక ఇంట్లో ఉంటూ దాని పనేమిటో ఒక్కనాడూ సరిగ్గా అడగలేదు నేను.

డిసెంబరులో మొదటి మంచు పడిన ఆదివారం పొద్దున్నే లేపింది. మూతబడ్డ పెద్ద షాపు ఒకటుంది, దాని పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది. వేగంగా పోయి కావాలని జారించమంది. నాకు మతి పోయింది. జారకుండా నడపడం నేర్పుతావనుకుంటే జారించమంటావేంటే అని అరిచాను. జారడం ఎట్లుంటదో తెలిస్తే బుగులు పోతది అంది. బుగులంటే వాళ్ళ వైపు భయం. మొదటిసారి బ్రేకు గట్టిగా తొక్కగానే పెడల్ కాలి కింద గడగడలాడింది. ఏదో విరిగిందని హడలిపోయి కాలు తీసేశాను.

"కాలు తియ్యకు అత్తమ్మా. అది వణికితే పని చేస్తున్నట్టు. తొక్కిపట్టి, పోవాల్సిన దిక్కు చూడు. స్తంభాన్ని చూస్తే స్తంభానికే పోతవు."

మా వైపు కోడళ్ళు అత్తగారిని మీరు అంటారు, వీళ్ళ వైపు నువ్వు అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ నువ్వుకి నేను ముఖం మాడ్చుకున్నదాన్నే. ఆ పార్కింగ్ లాట్‌లో మాత్రం ఆ నువ్వు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. పదిహేనుసార్లు చేయించింది. మధ్యలో విసుగొచ్చి నోరు పారేసుకున్నాను, నీకు పెట్టి పోసే అత్తని కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే చెంప పగిలేదన్నాను. అది మంచి నీళ్ళ సీసా చేతికిచ్చి, తాగినాక ఇంకోసారి చెయ్యమంది. చివరికి కారు జారినా నా గుండె జారడం మానేసింది. మంచు కారు కడుపుకి తగిలేంత ఎత్తుంటే మాత్రం బయటికి పోవద్దని, ఆ రోజు ఏ టైరూ ఏమీ చెయ్యలేదని ఒట్టు వేయించుకుంది.

జనవరి రాగానే అది తన చెరువు మీదికి పోయింది. మా వాడు ఒక షరతు పెట్టాడు. మొదటి గట్టి మంచు రోజున పక్కన కూర్చుని చూస్తానన్నాడు. తేడా వస్తే ఆ రోజుతో డ్రైవింగ్ ఆఖరు, కారు అమ్మెయ్యడమే. సరేనన్నాను. ఏం చేస్తాను, కన్నకొడుకు కదా, పరాయివాడైతే చెప్పేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లారేసరికి నాలుగంగుళాల మంచు, ఇంకా పడుతోంది. స్కూళ్ళన్నీ సెలవు. ఆరుంపావుకి బయల్దేరాం. మా వాడు ఎక్కగానే తలుపు పైనున్న పిడి పట్టుకున్నాడు. నేను మెల్లగా, ముందు కారుకి బోలెడు ఎడం వదిలి నడుపుతున్నాను. లాంగ్ లేక్ రోడ్డు మీద మాకు ఆకుపచ్చ లైటు ఉంది. కుడి పక్క వీధిలోంచి ఒక పెద్ద పికప్ ట్రక్కు ఆగబోయి ఆగలేక, అడ్డంగా జారుతూ నా ముందుకొచ్చేసింది.

బ్రేకు తొక్కాను. పెడల్ గడగడలాడింది. పక్కన వాడు "అమ్మా" అని అరిచాడు. కాలు తియ్యలేదు. ట్రక్కుని చూడలేదు. దాని వెనక ఖాళీ అయిన చోటు చూశాను, చేతులు వాటంతటవే అటు తిప్పాయి. నా అగ్గిపెట్టె చెప్పిన మాట విన్న పిల్లలా అటే వెళ్ళి, ఆ ట్రక్కు వెనకగా మూరెడు దూరంలో తప్పుకుని ఆగింది. ట్రక్కు అవతల మంచుగుట్టలో కూరుకుని నిలబడింది. అందులో అబ్బాయి చెయ్యెత్తి బాగానే ఉన్నానని చూపించాడు.

డేకేర్ దాకా మా వాడు ఆ పిడి వదల్లేదు. పార్క్ చేశాక పిడి వదిలి, "నేనైతే గుద్దేసేవాణ్ణమ్మా" అన్నాడు. సాయంత్రం వచ్చేటప్పుడు కూడా నువ్వే డ్రైవ్ చేసుకురా, నేను రైడ్ బుక్ చేసుకుని పోతానన్నాడు. తన కారుకి కూడా నాలుగూ వేయించమని నమ్రతకి నువ్వే చెప్పాలి, నాకు మొహం చెల్లదన్నాడు.

లోపలికి వెళ్తే పొద్దుటి షిఫ్టు వాళ్ళం ఆరుగురిలో ఇద్దరమే వేళకి చేరాం. రాత్రంతా డ్యూటీ చేసిన వాళ్ళూ, పొద్దుటి డ్యూటీకి పరిగెత్తే వాళ్ళూ పిల్లల్ని చంకనేసుకుని తలుపు దగ్గరే ఉన్నారు. రియా అని పదినెలల పాప వాళ్ళమ్మ నర్సు, పాపని నా చేతుల్లో పెట్టి కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తింది. మా డైరెక్టర్ మధ్యాహ్నం వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పొద్దుటి షిఫ్టు నాదేనంది.

పిల్లలు నిద్రపోయాక నమ్రతకి ఫోన్ చేశాను. అవతల గాలి హోరు. జరిగిందంతా చెప్పాను. మన ఇళ్ళల్లో కోడలికి థాంక్స్ చెప్పే అలవాటు ఎక్కడుంది? ఎలా చెప్పాలో తెలియక తడబడ్డాను. చివరికి, నీ కడుపు చల్లగుండ, నా కాళ్ళు నాకు తిరిగిచ్చావే తల్లీ అన్నాను. నీ పని గురించి అన్న మాటలన్నీ తప్పని కూడా అన్నాను.

"నువ్వు రాకముందు మా అమ్మ వచ్చింది గద అత్తమ్మా. ఆర్నెల్లు కిటికీ కాడనే కూసున్నది. నాకు పని, ఆయనకు పని. తీస్కపోయేటోళ్ళు లేరు. మళ్ళ రమ్మంటే రానంటది. నువ్వన్నా అట్ల కూసోవద్దని."

ఫోన్ పెట్టేశాక బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. ఇన్నేళ్ళలో మా వియ్యపురాలు మళ్ళీ ఎందుకు రాలేదని ఒక్కసారీ అడగలేదు నేను. వాళ్ళకి మన ఇల్లు ఆనదేమో అని కూడా అనుకున్నాను.

సాయంత్రం ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. వంట చేసి, కరీంనగర్‌లో తెల్లారేదాకా ఆగి, ఆవిడకి ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక రమ్మన్నాను. ఆవిడ మర్యాదగా నవ్వి, అక్కడ ఎటు పోవాలన్నా ఒకరి కోసం చూడాలె కద వదినా, ఎందుకులే అంది.

"ఎవరి కోసమూ చూడక్కర్లేదు వదినగారూ. నాకు కారుంది. మీరెక్కడికంటే అక్కడికి నేను తీసుకెళ్తాను, మంచు పడ్డా సరే. మీ అమ్మాయే నేర్పింది నాకు."

ఆవిడ చాలా మెల్లగా, టికెట్టు ఏ నెలకు తియ్యమనాలె అని అడిగింది.